హార్న్‌బిల్ గూటికి అండగా నిలవాలంటే ఏ పథకాన్ని ఎంచుకోవాలి?

అడవిలో స్వేచ్ఛగా బతికే, పెద్ద వంపు ముక్కున్న హార్న్‌బిల్ పక్షుల రక్షణకు ఏటా కొంత సొమ్ము కేటాయించాలనుకునే వారి ముందు ఇప్పుడు చాలా దారులు ఉన్నాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక గూటిని దత్తత తీసుకోవచ్చు, థాయిలాండ్‌లో ఒక హార్న్‌బిల్ కుటుంబాన్ని దత్తత తీసుకోవచ్చు, కేరళలో కాడర్ గిరిజనులు సాగిస్తున్న గూళ్ల కాపలాకు తోడ్పడవచ్చు, దక్షిణాఫ్రికాలో నేల మీద తిరిగే హార్న్‌బిల్ పిల్లల పెంపకానికి సాయపడవచ్చు, పాడైన అడవిని తిరిగి పెంచే పనికి విరాళం ఇవ్వవచ్చు, లేదంటే మన ఊరి జూలో ఒక పక్షి తిండి ఖర్చు భరించవచ్చు. వీటిలో చాలావాటికి దత్తత అన్న పేరే ఉన్నా, మనం ఇచ్చిన డబ్బు చేసే పని ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: గూడు ఉన్న అడవి పక్క ఊళ్లో ఉండే కాపలాదారుకు జీతంగా అందే విరాళమే హార్న్‌బిల్‌కు అన్నిటికంటే సూటిగా మేలు చేస్తుంది. మిగిలిన పథకాలకూ వాటి విలువ వాటికి ఉంది కానీ, ఆ విలువ ఏమిటో తెలుసుకుని ఇవ్వాలి.

గూటి కాపలాకు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు ఆ పక్షి పిల్లల్ని పెంచే పద్ధతిలోనే ఉంది. హార్న్‌బిల్‌లు వడ్రంగి పిట్టల్లా చెట్టును తొలిచి గూడు చేసుకోలేవు. కొమ్మ విరిగిన చోట కుళ్లిపోవడం వల్లనో, మరో పక్షి తొలిచి వదిలేయడం వల్లనో ఏర్పడిన పెద్ద తొర్ర వాటికి దొరకాలి, అలాంటి తొర్ర బాగా వయసు మళ్లిన మహావృక్షాలలోనే ఉంటుంది. ఆడపక్షి ఆ తొర్రలోకి చేరి, తన రెట్టతోనూ పండ్ల పిప్పితోనూ, కొన్ని జాతులలో మగపక్షి తెచ్చే మట్టితోనూ ద్వారాన్ని మూసుకుంటుంది. ముక్కు కొన బయటికి వచ్చేంత చీలిక మాత్రమే మిగులుతుంది. గుడ్లు పొదిగే రోజులన్నీ, పిల్ల పెరిగే రోజుల్లో చాలా భాగమూ ఆమెకు తిండి ఆ చీలిక గుండానే అందాలి, దాన్ని తెచ్చేది మగపక్షి ఒక్కటే. లోపల ఉండగానే ఆమె పెద్ద ఈకలు రాలి కొత్తవి వస్తాయి, కాబట్టి కొన్ని వారాల పాటు ఎగరగలిగే స్థితి కూడా ఉండదు. మన దేశంలో అతి పెద్దదైన గ్రేట్ హార్న్‌బిల్ విషయంలో పొదగడానికే సుమారు 40 రోజులు పడుతుంది, మొత్తం వ్యవహారం నాలుగు నెలల దాకా సాగుతుంది, చివరికి సాధారణంగా ఒకే ఒక్క పిల్ల బయటికి వస్తుంది.

ఆ నాలుగు నెలల్లో వేటగాడు మగపక్షిని కొట్టాడంటే, తొర్రలో ఉన్న తల్లికీ పిల్లకీ తిండి ఆగిపోతుంది. చెట్టును నరికితే నష్టం ఆ ఏటితో పోదు, ఎందుకంటే జంటలు అదే తొర్రకు ఏళ్ల తరబడి తిరిగి వస్తాయి, దానికి బదులు ఇంకొకటి దొరకడం కష్టం. మరోవైపు, గూడు కదలదు, కాలం తెలుసు, చోటు తెలుసు. అందుకే ఒక మనిషి తరచూ వెళ్లి చూసి రావడం ఫలితమిస్తుంది. పులికో ఏనుగుకో ఇంత నిర్దిష్టంగా కాపలా పెట్టడం సాధ్యం కాదు. హార్న్‌బిల్ బతికితే అడవికీ మేలు కలుగుతుంది: మర్రి, జువ్వి జాతుల పండ్లతో పాటు, చిన్న పక్షుల గొంతులో పట్టని పెద్ద గింజల పండ్లను కూడా మింగి, గింజలను దూరంగా వదిలేది ఇదే.

పక్కే: గూటి దత్తత

అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమ భాగంలో, అస్సాం సరిహద్దున, 862 చదరపు కిలోమీటర్ల పక్కే టైగర్ రిజర్వ్ ఉంది. దాని చుట్టూ ఉండేది నిషి తెగ. నిషి పురుషుల సంప్రదాయ శిరోవేష్టనం మీద హార్న్‌బిల్ ముక్కును అలంకరించుకునే ఆచారం ఉంది, దాని కోసమూ మాంసం కోసమూ వేట సాగేది. ఆచారాన్ని తప్పుపట్టకుండా, అసలు ముక్కు స్థానంలో ఫైబర్‌గ్లాస్ ముక్కును వాడమని అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా కలిసి ప్రోత్సహించాయి. 2006లో ఊరి పెద్దలే ఘోరా ఆబే అనే సంఘంగా ఏర్పడి, వేటకూ చెట్ల నరికివేతకూ జరిమానాలు విధించడం మొదలుపెట్టారు. ఈ పునాది మీద 2011–12 ప్రాంతంలో ఘోరా ఆబే, రాష్ట్ర అటవీ శాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ కలిసి గూటి దత్తత కార్యక్రమాన్ని ఆరంభించాయి. ఇక్కడ హార్న్‌బిల్‌ల మీద 1990ల నుంచి పరిశోధన చేస్తున్న అపరాజితా దత్తాకు ఈ కృషికి గాను 2013లో వన్యప్రాణి సంరక్షకులకు ఇచ్చే విట్లీ పురస్కారం లభించింది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం గూళ్లు ఉన్న చోటు. కార్యక్రమం ప్రధానంగా చూసుకునేది టైగర్ రిజర్వ్ లోపలి గూళ్లను కాదు, దాని పక్కనే ఉన్న పాపుమ్ రిజర్వ్ ఫారెస్ట్‌లోని వాటిని. టైగర్ రిజర్వ్‌కు ప్రభుత్వ సిబ్బంది, శిబిరాలు, గస్తీ ఉన్నాయి. పక్కనున్న రిజర్వ్ ఫారెస్ట్‌కు ఆ స్థాయి రక్షణ లేదు, అక్కడ కలప కోసం నరికివేత కూడా ఎక్కువ. హార్న్‌బిల్‌లకు మాత్రం రెండూ ఒకటే అడవి. దాతలు ఇచ్చే డబ్బుతో నియమితులైన నిషి యువకులు, వారిలో ఒకప్పుడు వేట తెలిసిన వారు కూడా, ఆ అడవిలో గూళ్లను వెతికి పట్టుకుంటారు, ఆడపక్షి ఎప్పుడు లోపలికి వెళ్లిందో, మగపక్షి వస్తున్నదో లేదో, పిల్ల ఎగిరిందో లేదో క్రమం తప్పకుండా నమోదు చేస్తారు, చెట్టు దగ్గర గొడ్డలి చప్పుడు వినిపిస్తే ఊరి సంఘానికి తెలియజేస్తారు. దాతకు తాను అండగా నిలిచిన గూటి వివరాలు, చిత్రాలు అందుతాయి.

లోపాలు కూడా చెప్పాలి. దత్తత తీసుకున్న గూటిలోకి ఆ ఏడాది జంట రాకపోవచ్చు, వచ్చినా పిల్ల దక్కకపోవచ్చు. కాపలాదారుల జీతం ఏటేటా వచ్చే విరాళాల మీద ఆధారపడి ఉంది, దాతలు ఒక్క ఏడాది ఉత్సాహంతో ఇచ్చి మరచిపోతే ఆ భారం కాపలాదారుల మీద పడుతుంది. పాపుమ్‌లో పెద్ద ఎత్తున జరిగే నరికివేతను ఆపడం గూటి కాపలాదారుల చేతిలో లేని పని. అది ప్రభుత్వమూ న్యాయస్థానాలూ చూడవలసిన పని. ఇన్ని పరిమితులు ఉన్నా, భారతదేశంలో ఉంటూ మొదటిసారి ఇవ్వదలచిన తెలుగు పాఠకులకు నేను ముందుగా చెప్పేది ఈ పథకం పేరే.

బుడో కొండలు: పాత వేటగాళ్లే రక్షకులు

పక్కే కార్యక్రమానికి చాలా ముందే థాయిలాండ్ ఈ దారి వేసింది. మహిడోల్ విశ్వవిద్యాలయానికి చెందిన పిలాయ్ పూన్‌స్వాద్ 1978లో ఖావో యాయ్ అడవిలో హార్న్‌బిల్‌ల అధ్యయనం మొదలుపెట్టారు. ఆ తరువాత మలేసియా సరిహద్దుకు దగ్గరలోని బుడో–సుంగై పాడి కొండలకు వెళ్లినప్పుడు, అక్కడి ఊళ్ల వారు చెట్లెక్కి హార్న్‌బిల్ పిల్లల్ని తీసి పెంపుడు పక్షులుగా అమ్ముతున్నారని గమనించారు. తొర్రలు ఎక్కడ ఉన్నాయో, ఆ చెట్టు ఎలా ఎక్కాలో వాళ్లకు తెలిసినంతగా ఏ పరిశోధకుడికీ తెలియదు. ఆ నేర్పునే జీతమిచ్చి కాపలాకు మళ్లించారు. ఆ జీతాల కోసం 1997లో నగరవాసులు డబ్బిచ్చే హార్న్‌బిల్ కుటుంబ దత్తత పథకం వచ్చింది. పిలాయ్‌కు 2006లో రోలెక్స్ పురస్కారం దక్కింది. 2004 నుంచి ఆ దక్షిణ రాష్ట్రాలలో సాయుధ ఘర్షణలు తీవ్రమైనా, పని చేసేది స్థానికులే కాబట్టి కార్యక్రమం నిలబడింది.

బుడోను ఎంచుకోవడానికి రెండు మంచి కారణాలు ఉన్నాయి. మొదటిది హెల్మెటెడ్ హార్న్‌బిల్. ఈ పక్షి ముక్కు మీది గట్టి బొడిపెను ఏనుగు దంతంలా చెక్కి అమ్మే అక్రమ వ్యాపారం వల్ల 2015లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. భారతదేశంలో ఇది లేదు, బుడోలో ఉంది. రెండవది తొర్రల మరమ్మతు. కాలక్రమంలో తొర్ర అడుగు కుంగిపోయి ఆడపక్షి ముక్కు ద్వారానికి అందదు, లేదా చెట్టు బెరడు పెరిగి ద్వారం ఇరుకైపోతుంది. అక్కడి బృందం చెట్లెక్కి అడుగున మట్టి నింపి, ద్వారం వెడల్పు చేసి, అవసరమైన చోట కృత్రిమ గూళ్లు అమర్చుతుంది. మంచి తొర్ర దొరకక జంటలు గుడ్లు పెట్టలేని అడవిలో ఈ పని విలువ కాపలా విలువకు ఏమీ తీసిపోదు. అయితే మన దేశం నుంచి విదేశీ సంస్థకు డబ్బు పంపితే పన్ను రాయితీ రాదు, బ్యాంకు రుసుములు ఉంటాయి. సింగపూర్, మలేసియా, థాయిలాండ్‌లలో ఉండే తెలుగువారికి మాత్రం ఇదే దగ్గరి ఎంపిక.

వాళచ్చాల్: హక్కులున్న గిరిజనులు

కేరళ త్రిశ్శూర్ జిల్లాలో, చాలకుడి నది పక్కన ఉన్న వాళచ్చాల్ అడవిలో కాడర్ తెగ వారు గ్రేట్ హార్న్‌బిల్, మలబార్ పైడ్ హార్న్‌బిల్ గూళ్లను కాపాడుతున్నారు. 2000ల మధ్య నుంచి పరిశోధకుడు కె.హెచ్. అమితా బచ్చన్, అటవీ శాఖ, కాడర్‌లు కలిసి ఈ పనిని నిర్మించారు. ఇక్కడ పథకాన్ని మిగిలిన వాటి నుంచి వేరు చేసేది హక్కుల విషయం. అటవీ హక్కుల చట్టం కింద 2014లో కాడర్ ఊళ్లకు సామూహిక అటవీ వనరుల హక్కులు వచ్చాయి, కాబట్టి కాపలాదారు జీతం తీసుకునే కూలీగా కాక, తన అడవిని చూసుకునే హక్కుదారుగా ఉంటాడు. నది ఒడ్డున ఉండే అడవిని ముంచేసే ప్రమాదం తెచ్చిన 163 మెగావాట్ల అతిరప్పిళ్లి జలవిద్యుత్ ప్రాజెక్టును ఎదిరించడంలో కాడర్ల గొంతు బలంగా వినిపించింది. డబ్బు గూటితో పాటు గిరిజన హక్కులకు కూడా బలం కావాలని కోరుకునే దాత ఇటువైపు చూడాలి. చెల్లింపు పద్ధతి, దాతకు వచ్చే నివేదికలు పక్కే అంత స్థిరపడిన రూపంలో ఉంటాయని అనుకోకుండా, పని చేస్తున్న వారిని ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

దక్షిణాఫ్రికాలోని సదరన్ గ్రౌండ్ హార్న్‌బిల్ కథ పూర్తిగా వేరు. ఇది గుంపులుగా గడ్డి మైదానాల్లో నడుస్తూ పాములను, పురుగులను వేటాడుతుంది, ద్వారాన్ని మూసుకోదు. గుంపులో ఒక్క జంటే పిల్లల్ని కంటుంది, సాధారణంగా రెండు గుడ్లు పెడితే రెండవ పిల్ల ఆకలితో చనిపోతుంది. మబులా గ్రౌండ్ హార్న్‌బిల్ ప్రాజెక్టు ఆ రెండవ పిల్లను తీసి చేతితో పెంచి, తిరిగి అడవిలో కలుపుతుంది. ఇచ్చిన డబ్బుకు ఒక పిల్ల ప్రాణం నేరుగా నిలిచిందని తెలిసే పని ఇది, ఆఫ్రికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తగినది.

అడవి పెంపకమూ, జూ దత్తతా

గూళ్లు కాపాడినా అడవి తరిగిపోతే పిల్లలు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న న్యాయమైనదే. తమిళనాడులోని వాల్పరై పీఠభూమిలో, తేయాకు, కాఫీ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో దివ్యా ముడప్ప, టి.ఆర్. శంకర్ రామన్ 2000 ప్రాంతం నుంచి స్థానిక జాతుల మొక్కలు నాటి అడవిని తిరిగి పెంచుతున్నారు. గ్రేట్ హార్న్‌బిల్‌లు ఆ ముక్కల్లోనే పండ్లు తిని గూళ్లు పెడతాయి. ఇది శ్రద్ధతో సాగే పని, తోటల యజమానుల సహకారంతో సాగుతున్నది కూడా. అయితే ఇవాళ నాటిన మొక్కలో హార్న్‌బిల్ దూరేంత తొర్ర ఏర్పడటానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది, పండ్లు మాత్రం అంతకంటే ముందే అందుతాయి. కాబట్టి గూటి కాపలాకు ఇచ్చే దానికి బదులుగా దీన్ని ఎంచుకోవద్దు. ఏటా రెండు విరాళాలు ఇవ్వగలిగితే రెండవది దీనికి ఇవ్వండి.

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ, విశాఖపట్నం, తిరుపతి జూలలోనూ జంతువుల దత్తత పథకాలు ఉన్నాయి. ఆ డబ్బు బంధనంలో ఉన్న జంతువు ఆహారానికీ పోషణకూ వెళుతుంది. పుట్టినరోజు నాడు పిల్లలకు ఒక పక్షిని దగ్గర నుంచి చూపించి, దాని పట్ల బాధ్యత నేర్పడానికి అది మంచి మార్గం. దానివల్ల అడవిలో ఒక్క గూడు కూడా అదనంగా నిలవదని మాత్రం తెలిసి ఇవ్వాలి. బొమ్మ, ధ్రువపత్రం పంపి ప్రతీకగా దత్తత ఇచ్చే పెద్ద అంతర్జాతీయ సంస్థల ప్యాకేజీల విషయమూ దాదాపు అంతే: డబ్బు సాధారణంగా సంస్థ ఉమ్మడి నిధిలో కలుస్తుంది, ఒక నిర్దిష్టమైన గూటికి వెళ్లదు. ఆ నిధితో మంచి పనులే జరగవచ్చు, కానీ హార్న్‌బిల్ పేరు చూసి ఇచ్చేవారు కోరుకునేది అది కాదు.

డబ్బు పంపే ముందు

విరాళాలకు వచ్చే ఆదాయపు పన్ను రాయితీ (80జి) పాత పన్ను విధానాన్ని ఎంచుకున్న వారికే వర్తిస్తుంది. రూ. 2,000 మించి నగదుగా ఇచ్చిన దానికి రాయితీ రాదు, కాబట్టి బ్యాంకు ద్వారా పంపి, సంస్థ నుంచి విరాళం అందినట్టు ఇచ్చే ధ్రువపత్రం (10బిఇ) తీసుకోవాలి. విదేశాల్లో ఉంటూ భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు తమ సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో ఇస్తే అది విదేశీ విరాళంగా లెక్కకు రాదు. అమెరికా లేదా మరో దేశ పౌరసత్వం తీసుకున్న వారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతలే. వారి డబ్బు తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, అందుకోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే డబ్బు పంపాలి. ఈ విషయం అడగకుండా పంపితే సంస్థే చిక్కుల్లో పడుతుంది.

ఏ పథకాన్నయినా కొన్ని ప్రశ్నలు అడగండి. కాపలాదారులు ఎంతమంది, ఏడాదిలో ఎన్ని నెలలు జీతం అందుతుంది, అది గూళ్ల కాలానికే పరిమితమా? గూడు విఫలమైన సంవత్సరం నివేదికలో ఆ సంగతి రాస్తారా? విఫలమైన గూళ్ల లెక్క కూడా చెప్పే సంస్థను నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే ప్రతి గూటిలోనూ పిల్ల ఎగిరిందని చెప్పే నివేదిక అడవిలో సాధ్యం కాదు. దాతను గూటి చెట్టు కిందకి తీసుకువెళతామనీ, తొర్ర లోపలి ఫోటోలు పంపుతామనీ ఊరించే పథకానికి దూరంగా ఉండండి. జనం చేరితే మగపక్షి తిండి తేవడానికి జంకుతుంది.

ఎంత ఇవ్వాలన్నది మీ శక్తిని బట్టి ఉంటుంది. కానీ ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కంటే, చిన్న మొత్తమైనా మూడు నాలుగేళ్లు వరుసగా ఇస్తానని మాట ఇవ్వడం కాపలాదారు కుటుంబానికి ఎక్కువ భరోసా ఇస్తుంది. పక్కేలో గూళ్ల కాలం సుమారుగా మార్చి నుంచి ఆగస్టు వరకు, పశ్చిమ కనుమల్లో అంతకంటే ముందే మొదలై వేసవి చివరికి ముగుస్తుంది. కాబట్టి డబ్బు చలికాలంలోనే చేరితే గూళ్ల వెతుకులాట మొదలయ్యే సమయానికి మనుషులను పెట్టుకోగలుగుతారు.

డబ్బు ఇవ్వలేని వారికి మన దగ్గరే ఒక పని ఉంది. తూర్పు కనుమల్లో, పాపికొండలు, మారేడుమిల్లి అడవుల్లో మలబార్ పైడ్ హార్న్‌బిల్ కనిపిస్తుంది. బూడిద రంగు హార్న్‌బిల్ మన ఎండు అడవుల్లోనూ, పెద్ద చెట్లున్న తోటల్లోనూ ఉంది. దేశవ్యాప్తంగా హార్న్‌బిల్‌లు ఎక్కడ కనిపించాయో ప్రజల నుంచి సేకరించే హార్న్‌బిల్ వాచ్ 2014లో మొదలైంది. అక్కడ మీరు చూసిన తేదీ, ఊరు, ఫోటో నమోదు చేయండి. గూడు కనిపిస్తే మాత్రం చెట్టు ఆనవాళ్లను సామాజిక మాధ్యమాలలో పెట్టకుండా, స్థానిక అటవీ అధికారులకు మాత్రమే చెప్పండి.